పలకని మోడెం

ఇంటర్నెట్‌కు ఒకప్పుడు గొంతు ఉండేదంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఫోను వైరు తగిలించి నంబరు కొడితే ముందు గుర్రుమనేది, తర్వాత కీచుమనేది, ఆపైన సిమెంటు గచ్చు మీద రేకు ఈడ్చినట్టు బరబరమని, ఉన్నట్టుండి గమ్మునైపోయేది. ఆ గమ్మునుండటమే శుభవార్త, లైను కలిసిందని అర్థం. ఆ గొంతు ఒక్కసారి వినడానికి బంగారుపాళ్యంలో నేను పడ్డ అగచాట్లు తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం నా లాప్‌టాపును తీసుకెళ్ళి హైవే మీద లారీ కింద పెడదామన్నంత కోపం వచ్చింది.

నేను తిరుపతి అమ్మాయిని. పెళ్ళికి ముందు అక్కడే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. ఎక్కడో దూరదేశంలో డాక్టర్లు రోగుల్ని చూశాక వాళ్ళ సంగతులు నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు మేము ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విని, తప్పు లేకుండా టైపు చేసి తిరిగి పంపాలి. ఒక్కో డాక్టరు ఏదో నములుతూ మాట్లాడేవాడు. ఇంకొకాయన మెట్లు దిగుతూ చెప్పేవాడనుకుంటాను, మాట మాటకీ ఆయాసం. అలాంటివన్నీ మా మేడం నాకే ఇచ్చేది. ఎవరికీ అర్థంకాని మాట నాకు అర్థమయ్యేది. గొప్ప కోసం చెప్పడం లేదు, నేను ఆ పనిలో గట్టిదాన్ని.

పెళ్ళయి బంగారుపాళ్యం వచ్చాను. మా ఆయనకు అక్కడి మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మామకు మామిడి అంటు మొక్కల నర్సరీ. ఇంట్లో మిగతాదంతా అత్తదే. నేను కొన్నాళ్ళు చిత్తూరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి తిరుపతికి ఇంకో బస్సు పట్టుకుని పోయివచ్చాను. పొద్దున ఇంట్లో ముద్ద దిగేది కాదు, సాయంత్రం వచ్చేసరికి నడుము పనిచేసేది కాదు. పైగా వీధిలో ఎవరైనా మీ కోడలు ఏం చేస్తుందని అడిగితే అత్త, "తిరప్తికి పోయొస్తా ఉంటాది" అని చెప్పేది. ఏదో పెద్ద మొక్కు ఉందేమోనని ఎదురింటావిడ నన్ను పక్కకు పిలిచి, సంతానం కోసమా అని అడిగింది. పెళ్ళయి ఆరు నెలలు కూడా కాలేదు మరి.

అత్త చెడ్డది కాదు. ఆమె లెక్కలో పని అంటే తవ్వాలి, మొయ్యాలి, రుబ్బాలి, చెమట పట్టాలి. చెవుల్లో ఏదో పెట్టుకుని కుర్చీలో కూర్చోవడం పని ఎట్లా అవుతుందో ఆమెకు నిజంగానే అర్థమయ్యేది కాదు. సెలవు రోజు నేను పాత రికార్డింగులు పెట్టుకుని చెవి పదునుపెట్టుకుంటూ ఉంటే, ఎవరైనా వచ్చి నేనెక్కడని అడిగేవాళ్ళు. "లోపల ఊరికే కూసోనుండాది, పో, పిలువు" అనేది అత్త. నాకు ఒళ్ళు మండేది. ఏమీ అనేదాన్ని కాదు, కొత్తకోడల్ని కదా, గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా కడిగేదాన్ని.

వానాకాలం దాటేసరికి బస్సుల ప్రయాణం నావల్ల కాదని తేలిపోయింది. మానేస్తానని మేడంకు చెప్పడానికి వెళితే ఆమె ఒక దారి చూపించింది. ఇంటినుంచే ఫోను లైను మీద ఫైళ్ళు దించుకుని, టైపు చేసి, అదే లైను మీద పంపగలిగితే ఉద్యోగం నాదే. దసరా పోయాక వచ్చే శుక్రవారం ఒక ఫైలు పెడతారు, సాయంత్రం ఆఫీసు మూసేలోపు అది టైపై వెనక్కి రావాలి. రాకపోతే నా కుర్చీ ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తారు. నెట్ సెంటర్లో చెయ్యకూడదని కూడా గట్టిగా చెప్పింది, రోగుల సంగతులు పదిమంది కూర్చునే చోట తెరవకూడదట. అంటే బంగారుపాళ్యంలో మా ఇంట్లో, మా మామ ఫోను మీద జరగాలి. లేకపోతే ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు నిజంగానే రాసిపెట్టి ఉన్నట్టు.

లాప్‌టాపు మా అన్న ఇచ్చాడు. ఏర్పేడు దగ్గర కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. తను వాడి వాడి వదిలేసినది. బరువు చూస్తే రోలు, మూత తెరిస్తే కిర్రుమనేది. అందులో అందరి కంప్యూటర్లలో ఉండే సిస్టం తీసేసి, కంప్యూటర్ పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే ఇంకో సిస్టం ఎక్కించి ఇచ్చాడు. వైరస్ రాదు, ఆగిపోదు, పైసా ఖర్చు లేదు అని తెగ పొగిడాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పడం మరిచిపోయాడు. అందులో ఫోను లైనును కంప్యూటరుకు కలిపే మోడెం ఉన్నట్టు లినక్స్‌కు తెలియదు.

ఫోన్లో అన్నను నిలదీస్తే మెల్లగా విప్పాడు. ఆ లాప్‌టాపులో ఉన్నది సగం మోడెమేనట. మిగతా సగం పని డ్రైవర్ అనే ఒక ప్రోగ్రాము చెయ్యాలట. ఆ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందంటే ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఇంటర్నెట్ ఎట్లా వస్తుందంటే మోడెం పనిచేస్తే వస్తుంది. ఇది చెప్పి మా అన్న తనే నవ్వాడు. నేను ఫోను పెట్టేశాను.

చిత్తూరు వెళ్ళి నెట్ సెంటర్లో డ్రైవర్ వెతికి సీడీలో రాయించుకుని వచ్చాను. ఎక్కించబోతే, మీ లినక్స్ వెర్షన్ ఒకటి, ఈ డ్రైవర్ కోరేది ఇంకొకటి అంది లాప్‌టాపు. మళ్ళీ చిత్తూరు. ఈసారి సరైనదే, కానీ దాన్ని మన కంప్యూటర్లోనే మనమే వండుకోవాలట, సరుకులు, అంటే ముడి ప్రోగ్రాము, మాత్రం వాళ్ళు ఇస్తారు. ఒక ఆదేశం కొడితే తెరనిండా అక్షరాలు గబగబా పరుగెత్తి చివర్లో తప్పు అని ఆగిపోయేది. ఏ తప్పో అన్నకు చదివి వినిపించాలంటే లాప్‌టాపుకు తగిలించిన వైరు పీకి ఫోనుకు పెట్టాలి. అన్న చెప్పింది చేసి చూడాలంటే ఫోనుకున్నది పీకి లాప్‌టాపుకు పెట్టాలి. ఇంట్లో ఉన్నది ఒకటే లైను. అది కూడా మా మామ ప్రాణం.

ఆ ఫోను హాల్లో చెక్కస్టాండు మీద, అత్త అల్లిన ఊలుగుడ్డ కప్పుకుని ఉండేది. అంటుమొక్కల ఆర్డర్లన్నీ దానికే వచ్చేవి. అవతల ఎవరున్నా మామ లేచి నిలబడి మాట్లాడేవాడు. ఆయన భోజనం చేసి నర్సరీకి వెళ్ళాక, మళ్ళీ వచ్చేదాకా ఫోను నాది అని మా ఆయన మధ్యలో పడి ఒప్పందం చేశాడు. ఆ మధ్యాహ్నాలన్నీ నేను ఆ చెక్కస్టాండు పక్కన చాప వేసుకుని కూర్చునేదాన్ని. తల ప్రాణం తోకకొచ్చింది.

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం, ఏది సరిగ్గా చేశానో ఇప్పటికీ తెలియదు, ఆ డ్రైవర్ తప్పు లేకుండా ఉడికింది. నంబరు కొట్టాను. లాప్‌టాపు గుర్రుమంది, కీచుమంది, బరబరమంది. వంటింట్లోంచి అత్త గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏందిమే ఆ అరుపు? యాడనుంచి వస్తా ఉండాది?"

సంతోషంలో నేను లాప్‌టాపును పక్కకు తిప్పి, ఫోను వైరు దూరే చిన్న చదరపు రంధ్రాన్ని చూపించాను. "ఈడనుంచే అత్తా. ఇది పలికితేనే నాకు పని. పలకలేదంటే నా పని పోయినట్టే" అన్నాను. ఆమె వంగి ఆ రంధ్రాన్ని చాలాసేపు చూసింది. లైను కలిసి మోడెం గమ్మునైంది. అయ్యో, ఆగిపోయిందే అని ఆమె దిగులుపడితే, కాదు కలిసిందని చెప్పాను. ఆ రోజు రాగిసంగటిలోకి నాకు ఇష్టమైన చెనగవిత్తనాల ఊరిబిండి పచ్చడి చేసింది.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆయుధపూజ అంటే అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ ఆ రోజు స్నానం, బొట్టు, నైవేద్యం. మామ అంటు కట్టే కత్తులు, కొమ్మలు కత్తిరించే కత్తెర, పారలు, గడ్డపార, మా ఆయన మోపెడ్, వంటింటి కత్తిపీట, ఆఖరికి రుబ్బుడు పొత్రం దాకా కడిగి హాల్లో వరుసగా పెట్టారు. నేను గుగ్గిళ్ళకు తాలింపు వేస్తూ ఉంటే అత్త ఒక పీట కడిగి తుడిచి తెచ్చింది. నీది కూడా తెచ్చి పెట్టు అంది.

నాకు మొదట అర్థం కాలేదు. నాది ఏముంది అనుకున్నాను. లాప్‌టాపు అని తెలిశాక గుండె ఝల్లుమంది. సంతోషంతో కాదు, భయంతో. అత్త చేతిలో గిన్నెడు గంధం, గిన్నెడు కుంకుమ ఉన్నాయి. అన్నపూర్ణలాంటి చెయ్యి, ఏదీ చిటికెడు వెయ్యదు. అందుకే గట్టిగా షరతులు పెట్టాను. బొత్తాల మీద వద్దు, అద్దం మీద వద్దు, నీళ్ళు చల్లొద్దు, కర్పూరం దగ్గరికి తేవద్దు. అన్నిటికీ ఆమె బుద్ధిగా తలూపింది. నేను పొయ్యి దగ్గరకు వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే లాప్‌టాపు పీట మీద ముచ్చటగా ఉంది. మూత మీద మూడు విభూతి గీతలు, మధ్యలో రూపాయంత గంధం, దానిమీద కుంకుమ, ఒక చామంతి పువ్వు. తెరిచి చూశాను, బొత్తాల మీద చుక్క కూడా లేదు. ఎంత మాట వినే అత్త అని మనసులో మెచ్చుకున్నాను. పూజలో పెట్టిన వస్తువును మరునాడు పొద్దున మళ్ళీ దీపం పెట్టేదాకా ముట్టకూడదు. మామ కత్తి ముట్టలేదు, మా ఆయన మోపెడ్ వదిలి నడిచే వెళ్ళాడు. నేనూ లాప్‌టాపు ముట్టలేదు.

విజయదశమి రోజు దీపం పెట్టి, పువ్వు తీసి పక్కన పెట్టి, మంచిరోజు కదా అని ముందుగా నంబరు కొట్టాను. వైరు కాస్త బిగుతుగా దిగింది, ఒత్తి దూర్చాను. తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది, ఫోను ఎత్తగానే వినిపించే గుయ్యిమనే మోత లేదని. డయల్ టోన్ లేదు. మళ్ళీ కొట్టాను. డయల్ టోన్ లేదు.

ఇక మొదలైంది. లినక్స్ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఏం చేస్తారు? డ్రైవర్‌ను తిడతారు. నేనూ తిట్టాను. తీసేసి మళ్ళీ వండాను, మళ్ళీ ఎక్కించాను. అన్నకు ఫోను చేస్తే, మన టెలిఫోన్ టోను కొన్ని మోడెములకు అర్థం కాదని, టోను కోసం చూడకుండా నేరుగా నంబరు కొట్టమని చెప్పే ఒక ఆదేశం ఇచ్చాడు. అది పెడితే మోడెం ఎవరికో ఫోను చేసినట్టు కాసేపు నటించి, అవతల ఎవరూ లేరని చెప్పి ఊరుకుంది. అన్న ఒక్కో రోజు ఒక్కో మందు చెప్పాడు. ఏ మందూ పనిచెయ్యలేదు.

చివరికి నా అనుమానం లైను మీదికి పోయింది. మామతో, మీ ఫోను లైనే బాగాలేదేమో అన్నాను. అనకూడని మాట అన్నానని వెంటనే తెలిసింది. ఆయన లేచి, ఎవరో రైతుకు ఫోను చేసి, వినబడుతా ఉందా, బాగా వినబడుతా ఉందా అని నన్నే చూస్తూ అడిగాడు. అవతల ఆయన అరిచిన అరుపు హాలంతా వినిపించింది. నా ముఖం మాడిపోయింది. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగి, చిత్తూరునుంచి కొత్త వైరు, ఫోనూ లాప్‌టాపూ రెండూ ఒకేసారి తగిలించుకునే సాకెట్టు తెచ్చాడు. ఇక పీకి పెట్టే బాధ తప్పింది. కాకపోతే లాప్‌టాపు లైనులో ఉండగా ఎవరైనా ఫోను ఎత్తితే మొత్తం తెగిపోతుంది. తెగడానికి ముందు కలవాలి కదా అన్నాను నేను. కొత్త వైరుకు కూడా మోడెం పలకలేదు.

గురువారం లినక్స్ మొత్తం తుడిచేసి, పత్రిక సీడీ పెట్టి డ్రైవర్‌తో సహా మొదటినుంచి ఎక్కించాను. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడే సాహసం చెయ్యలేదు. శుక్రవారం పొద్దున మేడం ఫోను చేసి ఫైలు పెట్టామని చెప్పింది. ఆ ఇంకో అమ్మాయి కూడా వచ్చి కూర్చుందని, ఏమీ అనుకోవద్దని, సాయంత్రం దాకా చూస్తానని మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పడంతో ఇంకా భయమేసింది.

మధ్యాహ్నం మామ నర్సరీకి వెళ్ళాడు. నేను నంబరు కొట్టాను. డయల్ టోన్ లేదు. నాకు కోపం వస్తే ముందు ఏడుపొస్తుంది, అది నా జన్మలక్షణం. చాప మీద కూర్చుని, ఎవరు వింటారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. లాప్‌టాపును, లినక్స్‌ను, మా అన్నను, ఈ ఊరిని, చిత్తూరు బస్సుల్ని, అందరినీ కలిపి తిట్టాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. కొంచెంసేపు నా తిట్లు విని, నిజంగానే అయోమయంగా అడిగింది.

"పూజ చేసి పెట్టినా గదమ్మే. ఇంగ యాల పలకదు?"

పూజకూ దీనికీ సంబంధం లేదని విసుక్కున్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు బొత్తాల మీద వద్దంటివి, అద్దం మీద వద్దంటివి. నేను ముట్టనే లేదు. కత్తికి పదును కాడ పెడ్తాము. బండికి దీపం కాడ పెడ్తాము. దీనికి పలికే కాడ పెట్టినా. ఆడనే గదా నువ్వు సూపించింది."

నేను వైరు పీకాను. లాప్‌టాపును ఎత్తి ఆ చదరపు రంధ్రాన్ని ముక్కుకు ఆనించుకున్నాను. కమ్మటి మంచిగంధం వాసన.

లోపల నిండా గంధం. మీద కుంకుమ పెట్టడానికి చోటు చాలక వదిలేసినట్టుంది. వైరు తగిలే సన్నటి తీగలన్నీ దానికింద ఎండి గట్టిపడి ఉన్నాయి. నేను డ్రైవర్లు మార్చాను, సాకెట్టు మార్చాను, ప్రపంచంలో ఉన్న ఆదేశాలన్నీ కొట్టాను, లినక్స్‌ను తుడిచి మళ్ళీ రాశాను. పాపం మోడెం మాత్రం మొదటినుంచీ నిజమే చెబుతూ ఉంది. దానికి ఏమీ వినబడటం లేదు.

అరుద్దామని నోరు తెరిచాను. అత్త ముఖం చూసి అరవలేకపోయాను. ఏదో తప్పు జరిగిందని అప్పుడే తెలిసి ఆమె చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. కత్తి పని పదునులో ఉంది, మోపెడ్ పని దీపంలో ఉంది. నా వస్తువు పని ఎక్కడుందో ఆమె ఒకరోజు వంగి చూసి, గుర్తు పెట్టుకుని, ఉన్నవాటిలో పెద్ద బొట్టు అక్కడ పెట్టింది. మా పుట్టింట్లో నా పనికి ఎవరూ ఎప్పుడూ బొట్టు పెట్టలేదు. నాకు నవ్వొచ్చింది. ఏడుపు ఇంకా ఆగలేదు, రెండూ కలిసి వచ్చాయి. అత్త నన్ను చూసి ఇంకా బెదిరిపోయింది.

లాప్‌టాపు ఆపి, బ్యాటరీ కూడా ఊడదీశాను. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని వీధి గడప మీద ఎండలో కూర్చుంది. గాజుకున్న పిన్నీసు తీసింది. నేను చేస్తానంటే ఇవ్వలేదు, పెట్టింది తనే కాబట్టి తియ్యడం కూడా తన పనేనంది. కాల్లో ముల్లు తీసినట్టు, ఊపిరి బిగబట్టి, ఒక్కో తీగ పక్కన గీకుతూ, ఊదుతూ తీసింది. నేను పక్కన నిలబడి, మెల్లగా అత్తా, మెల్లగా అత్తా అని జపం చేశాను. ఒక్క తీగ కూడా వంగలేదు.

వైరు దిగినప్పుడు టిక్కుమంది. ఆ టిక్కు అన్నాళ్ళూ రాలేదని అప్పుడు గమనించాను. నంబరు కొట్టాను. గుర్రుమంది. కీచుమంది. అత్త రెండు చేతులూ జోడించి నిలబడింది. గమ్మునైంది.

ఫైలు దిగింది. ఆ రోజు డాక్టరు గొంతు బొంగురుపోయి ఉంది, చెప్పింది ఎవరో ముసలావిడ మోకాళ్ళ సంగతి. అంత శ్రద్ధగా ఎవరి మోకాళ్ళ గురించీ నేను అంతకుముందు వినలేదు. లైను తీసేసి టైపు చేసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, సాయంత్రం ఎండ హాల్లోకి వచ్చే వేళకు మళ్ళీ నంబరు కొట్టి పంపడం మొదలుపెట్టాను. తెర మీద ఎంత ఫైలు వెళ్ళిందో చూపే గీత చీమలా కదులుతూ ఉంది. ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతోంది.

అప్పుడే మామ నర్సరీ నుంచి వచ్చాడు. వెంట ఎవరో అంటుమొక్కలు కొనడానికి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఏదో కబురు చెయ్యాలని మామ నేరుగా చెక్కస్టాండు దగ్గరకు వచ్చి, ఊలుగుడ్డ తీసి, రిసీవరు మీద చెయ్యి వేశాడు. వంటింటి గడపలో ఉన్న అత్త ఎప్పుడు దాటి వచ్చిందో తెలియదు, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ముట్టొద్దు. పాప పనిలో ఉండాది."

మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పక్కన మెరుస్తున్న లాప్‌టాపును చూశాడు. రిసీవరు వదిలేసి ఊలుగుడ్డను మళ్ళీ సరిగ్గా కప్పాడు. బయటికి వెళ్ళి ఆ పెద్దాయనతో, కొంచెంసేపు కూర్చోమని, కోడలు పనిలో ఉందని చెప్పడం నాకు వినిపించింది. తెర మీద గీత కాసేపు మసకగా కనిపించింది. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఫైలు మొత్తం చేరిందని అక్షరాలు పడేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఫోను ముట్టలేదు.